పితికిపప్పు లేనిదే ‘ప్రతిఘటన’ చూడరాదు

సినిమా వేరు, రాజకీయం వేరు అంటే తిరుపతిలో నవ్విపోతారు. 1983లో ఎన్టీఆర్‌ను, 2009లో చిరంజీవిని అసెంబ్లీకి పంపిన ఊరిది. అయితే ఈ ఇద్దరి కథను వంటింటి వైపు నుంచి పరిశీలించిన మేధావి ఇంతవరకూ లేడు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది జనవరి 9న, మంచు తగిలి అనపకాయ (సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయ) ఘుమఘుమలాడే రోజుల్లో. చిరంజీవి గెలిచింది ఎండాకాలంలో, మార్కెట్లో అనపకాయ కనబడని రోజుల్లో. 2011లో ఆయన పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఇంతకుమించి రుజువు అడిగేవాళ్లు ప్రతిపక్షం మనుషులు.

కాబట్టి ప్రజాక్షేమం కోరి చెప్పేదేమంటే, టి. కృష్ణ తీసిన ‘ప్రతిఘటన’ (1985) లాంటి రాజకీయ సినిమాను చలికాలంలోనే, పితికిపప్పు (నానేసి తొక్క పితికిన అనపగింజల పప్పు) పులుసుతోనే చూడాలి. (తిరుపతిలో చలెక్కడిది అనకండి. ఫ్యాను ఒక నంబరు తగ్గిందంటే చలికాలమే.)

నలుగురికి అరకిలో అనపగింజలు. ముందురోజు రాత్రే నానేసి, పొద్దున నీళ్లు మార్చాలి. మార్చకపోతే పులిసిన వాసనొస్తుంది. సరిగా నానకపోతే తొక్క ఊడదు. సినిమా మొదలవగానే పళ్లెం ఒళ్లో పెట్టుకుని, గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే పప్పు బయటికి దూకుతుంది. కోట శ్రీనివాసరావు తెరమీద ఉన్నంతసేపూ మాత్రం నిదానం. కోపంతో పితికితే పప్పు చితుకుతుంది, లేదా ఎగిరి మామగారి కళ్లద్దాలకు తగులుతుంది.

ఇంటర్వెల్‌లో పొయ్యి దగ్గరికి. రెండు చెంచాల ధనియాలు, ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచా గసగసాలు, కాస్త చెక్క, మూడు లవంగాలు వేయించి, అరచిప్ప టెంకాయ, ఒక ఎర్రగడ్డ (ఉల్లిపాయ), ఆరు తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు, అల్లంతో మెత్తగా నూరాలి. తాలింపులో ఇంకో ఎర్రగడ్డ, రెండు టమాటాలు మగ్గాక ఈ మసాలాను నూనె తేలేదాకా వేయించి, పితికిపప్పు, రెండు ఉర్లగడ్డల (బంగాళాదుంపల) ముక్కలు, నాలుగు గ్లాసుల నీళ్లు. కుక్కర్ వద్దు. పప్పు ముద్దవుతుంది, పైగా ఒక విజిల్ వచ్చిందంటే నేలక్లాసు గుర్తొచ్చి ఇంట్లో ఎవరో ఒకరు అందుకుంటారు.

అసలు చిక్కు చింతపండుతో. నిమ్మకాయంత చాలు, కానీ ఉర్లగడ్డ మెత్తబడ్డాకే పులుసు పోయాలి. తొందరపడి ముందే పోశారో, టికెట్ దక్కని నాయకుడిలా గడ్డ బిర్రబిగుసుకుని, ఎంత మంట పెట్టినా ఉడకదు. నాలుగు వంకాయలు చివర్లో వేయాలి. ముందే వేస్తే కరిగిపోయి, ఎవరిలో కలిశాయో కూడా తెలియదు.

పక్కన రాగి సంగటి తప్పనిసరి. అన్నం తినేవాళ్లు ప్రేమకథలు చూసుకోవచ్చు.

సినిమాలో కథానాయిక ఝాన్సీ తరగతి గదిలో పాడే పాట, వేటూరి రాసింది, వస్తున్నంతసేపూ గరిటె చప్పుడు కూడా నిషేధం. చివరి సభలో గొడ్డలి లేచేసరికి పళ్లేలు ఖాళీ కావాలి. ఆ తర్వాత అందరూ లేచి వ్యవస్థ మారాలని గట్టిగా ప్రసంగిస్తారు. ఆ ఊపులోనే వాళ్లచేత గిన్నెలు కడిగించేయండి, పావుగంట దాటితే దొరకరు. పితికిన తొక్కలు పారేయక వీధిలో ఆవుకు పెట్టండి. ఆవు విషయంలో ఏ పార్టీవాళ్లూ అభ్యంతరం చెప్పరు.