స్కానింగ్ గదిలో విద్యార్థి పరిశోధన ఎక్కడ దెబ్బతింటోంది?

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఎంబీబీఎస్ పిల్లలకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి రెండు నెలల పరిశోధన పథకం ఎస్‌టీఎస్ (షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్) ఉండనే ఉంది. నల్లగొండలో ప్రశ్న కోసం దూరం పోనక్కర్లేదు. మర్రిగూడ వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల మెడలోని థైరాయిడ్ గ్రంథి ఎంత పెద్దగా ఉందో అల్ట్రాసౌండ్‌తో కొలవొచ్చు.

చాలామందికి తట్టే మొదటి ఆలోచన, పోర్టబుల్ మిషన్ పట్టుకుని ఊరికి పోవడం. అక్కడే చిక్కు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద మిషన్‌ను ఫలానా చోటుకని రిజిస్టర్ చేయాలి, అర్హత ఉన్న డాక్టరే స్కాన్ చేయాలి. థైరాయిడ్ చూస్తున్నామన్నా మినహాయింపు ఉండదు. కాబట్టి జనమే ఆసుపత్రికి రావాలి. వాళ్ల బస్సు ఛార్జీ, పోయిన రోజు కూలి బడ్జెట్‌లో మొదటి పద్దుగా రాసుకోవాలి. ఇది రాయని ప్రతిపాదనలే ఎక్కువ.

ఇక కొలత. భుజాల కింద దిండు పెట్టి మెడ వెనక్కి వాల్చాలి, లీనియర్ ప్రోబ్ (చర్మానికి ఆనించే, అడుగు సమంగా ఉండే స్కాన్ పరికరం) వాడాలి, జెల్ ధారాళంగా వేయాలి. థైరాయిడ్‌కు కుడి, ఎడమల ఉండే ఒక్కో లోబ్ (భాగం) పొడవు, వెడల్పు, లోతులను గుణించి 0.479తో హెచ్చిస్తే పరిమాణం వస్తుంది. 4.5, 1.6, 1.5 సెంటీమీటర్లయితే సుమారు 5.2 మిల్లీలీటర్లు. జెల్ తక్కువై ప్రోబ్ పట్టిన చేయి గట్టిగా నొక్కి లోతు 1.3కు తగ్గిందనుకోండి, లెక్క 4.5కు పడిపోతుంది. రెండు మిల్లీమీటర్లకే 13 శాతం తేడా! లోబ్ ప్రోబ్ కంటే పొడవైతే ఒక్క ఫ్రేములో పట్టదు, అప్పుడు కొసను అందాజాగా గుర్తు పెడతారు. ఫ్లోరైడ్ ప్రభావమని రాసుకున్నది నిజానికి చేతి బరువు కావచ్చు.

అందుకే అసలు పని మొదలుకాకముందే ఓ ఇరవై మందిని స్కాన్ చేయించి, దాచిన బొమ్మల మీద విద్యార్థి ఒకసారి, మొదటి అంకెలు చూడకుండా రేడియాలజీ పీజీ ఒకసారి కొలవాలి. నొక్కుడు తేడా బొమ్మలో దొరకదు గనుక, కొందరికి ప్రోబ్ తీసి మళ్లీ పెట్టించాలి. గైడ్‌గా ఉండే అధ్యాపకుడు ఇవ్వాల్సింది ఈ పనికి సమయమే: ఓపీ ముగిశాక వారానికి రెండు మధ్యాహ్నాలు. కొత్త మిషన్ అడిగేవాళ్లు ఈ రెండు మధ్యాహ్నాలు అడగరెందుకో!

ఎథిక్స్ కమిటీ అనుమతి రెండు నెలలు మొదలయ్యేలోపే చేతికి రావాలి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదవడం రానివాళ్లకు సాక్షి ముందు చదివి వినిపించాలి. కొలతకని వచ్చినామె మెడలో గడ్డ బయటపడితే ఏ రోజు, ఏ ఓపీకి, ఎవరి దగ్గరికి పంపాలో కూడా ఆ పత్రంలోనే రాసి ఉండాలి.