భోజనశాల గోడ మీది మెనూ బోర్డు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ మెనూ బోర్డు గారి సముఖమునకు,

దేవరకొండకు ఆవల, నల్లమల అంచు గుట్టల నడుమ ఉన్న ఒక గురుకులంలో ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా తమరి ఎదుట వరుసలో నిలబడి అన్నం తిన్న పూర్వ విద్యార్థి నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

తమరు క్షేమమని తలుస్తాను. నూనె రంగుతో రాయించుకున్నవారికి క్షేమానికేం కొదువ? మా కాలంలో భోజనశాల పైకప్పు కారేది, చేతులు కడుక్కునే చోట కుళాయిలు సగం ఊడిపోయి ఉండేవి. తమరికి మాత్రం ఏటా జూన్‌లో బడి తెరిచే ముందు కొత్త రంగు పడేది. నీలం మీద తెల్లని అక్షరాలు, రోజుకొకటి చొప్పున అడ్డు గళ్లు, ఫలహారానికీ మధ్యాహ్న భోజనానికీ సాయంత్రపు గుగ్గిళ్లకూ రాత్రి భోజనానికీ నిలువు గళ్లు, వాటి చివర ఒక్కొక్కరికి ఎన్ని గ్రాములో చెప్పే సన్నటి గడి. గేటు దాటి వచ్చే అధికారికి పది అడుగుల దూరం నుంచే కనబడాలని తమరిని ద్వారానికి ఎదురుగా నిలిపారు.

తమరి రచనా పటిమను మెచ్చుకోకుండా ముందుకు సాగడం న్యాయం కాదు. సోమవారం పొద్దున పూరీ, ఆలు కుర్మా. బుధవారం మధ్యాహ్నం ఆకుకూర పప్పు, బెండకాయ వేపుడు, కోడిగుడ్డు, పెరుగు. వాచకంలో బట్టీపట్టిన పద్యాలు మరిచిపోయిన మా తోటివాళ్లకు కూడా తమరి బుధవారం నేటికీ కంఠస్థమే. ప్లేటు పట్టుకుని ఆ బెండకాయ వేపుడును చదువుతూ చదువుతూ గరిట దగ్గరికి చేరేసరికి మాకు ఎదురయ్యేది సొరకాయ. శుక్రవారమూ సొరకాయే, కాకపోతే ఆ రోజు దానికి పప్పు తోడయ్యేది. ఆదివారం చికెన్ అని తమరు ప్రకటించిన పూట ముక్క కంటే ముందు ఆలుగడ్డ చేతికి తగిలేది. ఇక సాంబారు సంగతి. అది ఇనుప బకెట్లో వచ్చేది. గరిటను అడుగుదాకా ముంచి ఒకసారి తిప్పితే కింద పేరుకున్న పప్పు కొంచెం పైకి లేస్తుంది, తిప్పకుండా ముంచితే పసుపు నీళ్లు వస్తాయి. వడ్డించేది తొమ్మిదో తరగతి, పదో తరగతి అన్నలు కాబట్టి, ఎవరికి అడుగు నుంచి తీయాలో ఎవరికి పైనుంచి పోయాలో వాళ్ల దోస్తీని బట్టి తేలేది. తమరి గ్రాముల గడిలో ఈ లెక్క ఎక్కడా లేదు.

వంటవాళ్లను నేను తప్పుపట్టడం లేదని ముందే మనవి చేస్తున్నాను. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, వందల మందికి పొయ్యి మీద గుండిగలు ఎక్కించి, సిలిండరు రాని రోజున తడి కట్టెలు ఊదుకునే ఆ అక్కల జీతం ఎంతో, అది ఎన్ని నెలలకొకసారి చేతికందేదో మాకు తెలుసు. వాళ్లు లేని బెండకాయను వండలేరు కదా. కూరగాయలకు ఏడాదికొకసారి టెండరు వేసి ధర ఖాయం చేస్తారు. ఆ ఒప్పుకున్న ధర మీద ఉల్లిగడ్డ, టమాట ఎగబాకిన నెలలో కాంట్రాక్టరుకు మా గుట్టల దారి హఠాత్తుగా దూరమయ్యేది. సరుకుల ఆటో వారానికొకసారి, సోమవారం వచ్చేది. అందులో వచ్చిన పాలకూర, తోటకూర మంగళవారానికి వాడిపోయి బుధవారానికి కుళ్లిపోయేవి. వారాంతం దాకా ప్రాణంతో మిగిలేవి గుమ్మడి, సొర, ఆలుగడ్డ. పట్నంలో హాస్టలు అయితే వార్డెన్ సంచి పట్టుకుని పక్క బజారుకు వెళ్తాడు; మాకు దగ్గరలో ఉన్న బజారు అంటే చాయ, బీడీలు, పారాసెటమాల్ దొరికే ఒక్క డబ్బా కొట్టు.

డబ్బు సంగతి కూడా తమరు ఎన్నడూ ఎత్తలేదు. 2024 చివరలో పెంచేదాకా తెలంగాణ గురుకులాల్లో తిండి ఖర్చుకు ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు తలకు నెలకు 1100 రూపాయలు, ఏడో తరగతి దాకా ఉన్న పిల్లలకు 950 రూపాయలు ఇచ్చేవారు. రోజుకు పంచితే పెద్దవాడికి 37 రూపాయలలోపు, చిన్నవాడికి 32 రూపాయలలోపు, అదీ పొద్దుటి నుంచి రాత్రి దాకా తినే తిండి మొత్తానికి. ఆ డబ్బుతో తమరు పూరీ, కుర్మా, గుడ్డు, పండు, పెరుగు, చికెన్ అన్నీ వరసగా రాసుకున్నారంటే తమరిది మామూలు కల్పనా శక్తి కాదు. రాష్ట్ర బడ్జెట్ రాసేవాళ్లకు కూడా ఇంత ధైర్యం ఉండదు.

అయితే తమరిని పూర్తిగా అబద్ధాలకోరు అనడానికి నా మనస్సు ఒప్పుకోదు, ఎందుకంటే తమరు నిజమైన రోజులు కొన్ని నా కళ్లతో చూశాను. ముందు రాత్రి వాచ్‌మన్ ఫోను మోగేది. తెల్లారేసరికి వరండా కడిగేవారు. స్టోరు గదిలో నుంచి మేమెన్నడూ చూడని అల్లం వెల్లుల్లి వాసన బయలుదేరేది. ఆ మధ్యాహ్నం బెండకాయ వేపుడు తమరు చెప్పినట్టే ఉండేది, గుడ్డు సగానికి కోయకుండా మొత్తంగా వచ్చేది, సాంబారులో గరిట నిలబడేది. తనిఖీకి వచ్చిన సార్ మా పక్కనే నేల మీద కూర్చుని ఒక ముద్ద తిని, తల ఎత్తి తమరిని చదివి, ప్లేటు చూసి, సంతృప్తిగా తల ఊపేవారు; ఫొటో పడేది. ప్రిన్సిపాల్ సార్ ముఖంలో చెమట, మా ముఖాల్లో వెలుగు. పరీక్షలు గట్టెక్కించమని కంటే తనిఖీలు పంపించమని మేం దేవుడికి ఎక్కువ మొక్కుకునేవాళ్లం.

తమరి తమ్ముడు రుచి రిజిస్టరు గారిని కూడా ఈ సందర్భంలో స్మరించుకోవాలి. పిల్లలకు వడ్డించే ముందు డ్యూటీలో ఉన్న ఉపాధ్యాయుడు రుచి చూసి అందులో రాయాలి, కింద మెస్ కమిటీ పిల్లలు సంతకం చేయాలి. ‘రుచికరముగా ఉన్నది’ అనే ఒకే వాక్యం, ఒకే దస్తూరి, పేజీల కొద్దీ. ఎనిమిదో తరగతిలో నన్ను కూడా కమిటీలో వేశారు. నెలాఖరున ఒకే విడతలో ముప్పై రోజుల సంతకాలు చేయించారు. అందులో మేం సెలవులకు ఇంటికి వెళ్లిన దసరా రోజులు కూడా ఉన్నాయి.

మరి ఇంత తెలిసీ అప్పుడెందుకు నోరు విప్పలేదని తమరు అడగవచ్చు. గురుకులం సీటు మాకు ఊరికే రాలేదు. 1971 నవంబరులో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా, మా ఉమ్మడి నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల మొదలైన నాటి నుంచి, మా వైపు పేదింటి పిల్లవాడికి పెద్ద చదువుకు ఉన్న దారి అదేనని ఊరూరా నమ్మకం. ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నవాడు సాంబారు పలచగా ఉందంటే, తిండికి ఓర్చుకోలేనివాడికి చదువేం వస్తుందని ఊళ్లో అంటారు. ఇంకా ముఖ్యమైన మాట: పత్తి ఏరే రోజుల్లో పిల్లవాడు ఇంటికి తిరిగొస్తే వద్దనేవాళ్లు ఇంట్లో ఎవరూ ఉండరు.

అందుకే తమరికి అసలు పాఠకులు అధికారులు కారు, మా తల్లిదండ్రులు. రెండో ఆదివారం వాళ్లను లోపలికి రానిచ్చేవారు. వేపచెట్ల కింద టిఫిన్లు విప్పి, గారెలు, కోడికూర, మామిడికాయ తొక్కు తినిపించి, పోయేముందు తమరి దగ్గరికి వచ్చేవారు. మా నాయనకు చదువు రాదు.

"ఏం రాసిండ్రు బిడ్డా గోడ మీద?" అని అడిగేవాడు.

నేను సోమవారం నుంచి మొదలుపెట్టి ఒక్క పూట కూడా వదలకుండా చదివి వినిపించేవాణ్ని. గ్రాములతో సహా. పక్కన మిగతా పిల్లలు కూడా తమ తమ అమ్మలకు ఇదే పారాయణం చేస్తుండేవారు, ఒక్కడూ సొరకాయ పేరెత్తేవాడు కాదు.

"మస్తు పెడుతున్నరు గద. మనింట్ల బుధారం గుడ్డు యాడిది? మంచిగ సదువుకో," అని మా నాయన బస్సెక్కేవాడు.

తమరు రాసింది అబద్ధం, దానికి సాక్ష్యం చెప్పింది మేము. ఈ పని మా చేత చేయించుకున్నందుకు తమరి మీద నాకు ఇప్పటికీ కోపమే.

మొన్న మా అన్న కూతురిని ఐదో తరగతిలో చేర్పించడానికి అదే గేటు దాటాను. తమరు గోడ వదిలి ఫ్లెక్సీ అయ్యారు. పక్కన రంగుల్లో పండ్ల బొమ్మలు కూడా వచ్చాయి. 2024 డిసెంబరులో అన్ని గురుకులాలకూ ఒకే మెనూ తెచ్చారు, అంతకు కొన్ని వారాల ముందే ఆ తిండి డబ్బును, అంటే డైట్ చార్జీలను, 40 శాతం పెంచారు, పెద్ద పిల్లలకు ఇప్పుడు నెలకు 1540 రూపాయలు. రోజుకు 51 రూపాయలంటే మా కాలం కంటే నయమే, కాదనను. కానీ స్టోరు గది పక్కన సరుకులు దించుతున్న ఆటోలో ఏమున్నాయో తొంగి చూశాను. గుమ్మడికాయలు, ఆలుగడ్డలు, వాటి పైన మా పాత మిత్రుడు సొరకాయ.

కనుక తమరికి నా కోరికలు కొన్ని ఉన్నాయి, ఖర్చు లేనివే. తమరి పక్కన ఒక మామూలు నల్లబల్ల వేలాడదీయించండి; ఏ పూట ఏం వండారో తిన్న తరువాత పిల్లల్లో ఒకరు సుద్దముక్కతో రాయాలి, మరునాటి దాకా దాన్ని తుడిచే హక్కు ప్రిన్సిపాల్‌కు కూడా ఉండకూడదు. గ్రాముల గడిని అలాగే ఉంచుకోదలిస్తే దాని కింద ఒక తూకం యంత్రం పెట్టించండి. సరుకుల ఆటో ఇప్పటికీ సోమవారమే వస్తున్నదని వాచ్‌మన్ చెప్పాడు. అలాంటప్పుడు ఆకుకూరను బుధవారం గడిలో ఎవరి కోసం ఉంచుకున్నారో తెలియదు, దయచేసి దాన్ని సోమవారం రాత్రికి జరపండి.

ఇట్లు,
తమరి బుధవారాన్ని నేటికీ అప్పజెప్పగల
ఒక పూర్వ మెస్ కమిటీ సభ్యుడు