రామచిలుకకు ఏ కాలిబర్?

రాయలసీమలో కాలువ నీళ్ళు చివరి ఎకరా దాకా పారుతున్నాయి. వేరుశనగకు గిట్టుబాటు ధర పలుకుతోంది. పంటల బీమా సొమ్ము అడగకముందే ఖాతాలో పడుతోంది. ఇక మిగిలిన సమస్య ఒక్కటే: చేలో పడే చిన్నాచితకా జంతువులను కొట్టడానికి ఏ కాలిబర్ రైఫిల్, అంటే అంగుళంలో ఎన్నో వంతు లావు తూటా వేసే రైఫిల్, కొనాలి? ఇంత ముఖ్యమైన విషయం మీద ఇప్పటిదాకా ఒక్క అఖిలపక్ష సమావేశమైనా జరగకపోవడం శోచనీయం.

అలాగని ఈ శాస్త్రంలో పండితులకు కొదవ లేదు. కర్నూలు, అనంతపురం, కడప, ఏ ఊళ్ళో టీ కొట్టు దగ్గర నిలబడినా ఒకరిద్దరు తగులుతారు. అమెరికా మైదానాల్లో ప్రెయిరీ డాగ్ అనే ఉడుత జాతి జంతువును మూడు వందల గజాల దూరం నుంచి కొట్టే వీడియోలు చూసి చూసి ఆరితేరినవారు వీరు. చేత్తో తుపాకీ పట్టింది మాత్రం జాతరలో బెలూన్ల కొట్టు దగ్గరే. అక్కడ కూడా గొట్టం వంకరగా ఉందని కొట్టువాడితో తగాదా పడి వచ్చారు.

వీరి సిద్ధాంతం స్థూలంగా ఇది. కుందేలుకు, ఉడుతకు .22 లాంగ్ రైఫిల్. 1887 నుంచి ఉన్న తూటా. చవక, చప్పుడు తక్కువ, మాంసం పాడుకాదు, వంద గజాల లోపు నమ్ముకోవచ్చు. అంతకన్నా దూరం కావాలంటే 2002లో వచ్చిన .17 హెచ్‌ఎంఆర్ అనే సన్న తూటా. గుంటనక్కలకు, తోడేళ్ళకు .223. ఇంతవరకు అందరూ ఒకటే. .22 మేలా, .17 మేలా అన్న దగ్గర చీలిపోతారు. సీమలో ఊరికి రెండు వర్గాలుండటం కొత్త కాదు గానీ, అంగుళంలో ఇరవయ్యో వంతు తేడా కోసం వర్గాలు కట్టడం కొత్త. గట్టు తగాదాలో కూడా కనీసం జానెడు నేల ఉంటుంది.

.17 వర్గానిది వేగం వాదం. వారి తూటా సెకనుకు 770 మీటర్లకు పైగా వెళుతుంది, గీత గీసినట్టు వెళుతుంది. నిజమే. కానీ దాని బరువు 1.1 గ్రాము, అంటే రెండు మూడు వేరుశనగ పప్పులంత. గాలి వీస్తే పక్కకు జరిగిపోతుందని దాన్ని మెచ్చుకునేవారే ఒప్పుకుంటారు. ఈ వర్గానికి గట్టి పట్టున్నది ఎక్కడయ్యా అంటే ఉరవకొండ వైపు. అంత గాలి మరెక్కడా లేదని కంపెనీలు వెతుక్కుంటూ వచ్చి గాలిమరలు నాటిన నేల అది!

.223 సంగతి వేరు. .22కూ దానికీ పేరులో తేడా అంగుళంలో వెయ్యింట మూడు వంతులు, దెబ్బలో తేడా దాదాపు పది రెట్లు. 1964లో పుట్టిన ఈ తూటాను కుందేలు మీద ప్రయోగిస్తే కూరకు చెవులు మిగులుతాయి.

సరే, కాలిబర్ తేలిందనుకుందాం. దేన్ని కొట్టాలి? మన చేలను తినే జంతువుల్లో మొదటిది కృష్ణజింక. రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెడితే పిట్ట కనుమరుగైంది, జింకలు మాత్రం మందలు మందలుగా చేల మీదికి వస్తున్నాయి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. కొడితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. జొన్న కంకుల మీద, పొద్దుతిరుగుడు పూల మీద వాలేది రామచిలుక. అది రాష్ట్ర పక్షి. కొట్టడం మాట అటుంచండి, పంజరంలో పెట్టి పెంచుకున్నా నేరమే. విత్తనం వేసిన మర్నాడే సాళ్ళ వెంట ఏరుకుని తినేది నెమలి, 1963 నుంచి జాతీయ పక్షి. మామూలు దొంగలైతే పట్టుకుని నాలుగు తగిలించవచ్చు. రాజముద్రతో వచ్చేవారిని ఏ కాలిబర్‌తో ఆపాలో వీడియోల్లో ఎవరూ చెప్పరు.

ఇక అడవిపంది. దానికి ముద్ర లేదు గానీ రక్షణ జాబితాలో పేరుంది. 2016లో ఉత్తరాఖండ్‌లో కొన్నాళ్ళపాటు దాన్ని చంపదగిన జంతువుగా కేంద్రం ప్రకటించింది. అడవిపందులు చదువుకున్నవి కాకపోవడం వల్ల ఆ వార్త మన పందులకు చేరలేదు. ఇక్కడ పంట తిన్న పందిని కొట్టాలంటే అటవీశాఖ అధికారి కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. తుపాకీ ఉంచుకోవడానికి కలెక్టరు అనుమతి, పేల్చడానికి అటవీశాఖ అనుమతి, తినడానికి మాత్రం పందికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చట్టం రైతును మరిచిపోయిందనుకోకండి. 1959 నాటి ఆయుధాల చట్టంలో పంట కాపలా కోసం ముందునుంచి మందు దట్టించే తుపాకీకి ప్రత్యేకంగా చోటిచ్చారు. మందు పోసి, గుడ్డపేలిక కుక్కి, గుళ్ళు వేసి, కడ్డీతో దట్టించి, క్యాపు పెట్టి, గురి చూసేలోగా పంది ఒక సాలు తాపీగా ముగించుకుని రెండో సాలులోకి దిగుతుంది. పోనీ రైఫిలే కొందామంటే త్రీ నాట్ త్రీ (.303) నిషిద్ధం, అది సైన్యం వాడిన తుపాకీ కనుక. దానికన్నా లావుపాటి తూటా వేసే .315 మాత్రం అనుమతించదగినదే. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలే తయారుచేస్తాయి. ఇందులో తర్కం వెతకకూడదు. వెతికినవారికి లైసెన్సు ఆలస్యమవుతుంది.

ఆ తూటా గురి తప్పిందనుకుందాం. చిన్నదని చులకన చేసే .22 కూడా కిలోమీటరు దాటి పోగలదు. మన చేను దాటి, వాగు దాటి, అవతలి ఊరివాడి గొర్రెకు తగిలిందనుకోండి. 'నేను పందిని కొట్టబోయాను' అంటే ఇంకే జిల్లాలోనైనా నమ్ముతారేమో! కడపలో పంచాయితీ కూర్చున్న పెద్దలు ముందుగా అడిగే ప్రశ్న, 'ఏ వర్గం పంది?' అని.

ఉరవకొండ అవతల ఒక వేరుశనగ చేనుకు మన పండితుడొకరు క్షేత్ర పరిశీలనకు వెళ్ళారు. చేను చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి. మధ్యలో కర్రకు ఒక చిన్న స్పీకరు, కింద బ్యాటరీ. రైతు తన గొంతునే అందులో రికార్డు చేసి పెట్టుకున్నాడు. 'హోయ్... హోయ్... పో' అంటుంది, చివర ఒక దగ్గు దగ్గుతుంది, మళ్ళీ మొదలు. తెల్లవార్లూ అదే హోయ్, అదే దగ్గు. మొదట్లో పందులు ఆ దగ్గుకే బెదిరాయట. ఇప్పుడు స్పీకరు కిందే తవ్వుకుంటున్నాయి. పండితుడు అంతా గమనించి, "పెద్దాయనా, మీరు కాలిబర్ మార్చాలి" అన్నారు.

"మావాడూ అదే అంటున్నాడు నాయనా. పెద్ద స్పీకరు కొనమంటున్నాడు" అన్నాడు ఆ రైతు.

వెనకటివాళ్ళు మంచె ఎక్కి వడిసెల తిప్పారు. దాని కాలిబర్ ఏమిటో ఎవరూ కొలవలేదు. చేతికి ఏ రాయి దొరికితే అదే.

నిరాశ పడనక్కర్లేదు, చట్టం మనకు ఎలుకను మిగిల్చింది. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో కాకి, ఎలుక, గబ్బిలం వంటివాటికి చంపదగినవంటూ ఒక ప్రత్యేక జాబితా ఉండేది. 2022లో సవరించినప్పుడు ఆ జాబితానే ఎత్తేశారు. అయినా పొలంలో ఎలుకను కొట్టినందుకు ఎవరూ సంకెళ్ళు వేయరు. దెబ్బ శక్తి 20 జౌళ్ళకు మించని .177 ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు కూడా అవసరం లేదు. ఇన్ని చర్చల తరువాత సీమకు తేలిన అధికారిక కాలిబర్ అది. కాకపోతే ఎలుక పగలంతా బొరియలో పడుకుంటుంది. బొరియలోకి వంగి వెళ్ళే తూటా మాత్రం ఇంకా తయారుకాలేదు.

ఇంత జరిగినా ఎవరైనా పట్టుదలగా లైసెన్సు సంపాదించి తుపాకీ కొన్నారనుకోండి. సర్పంచి ఎన్నికలైనా, శాసనసభ ఎన్నికలైనా ప్రకటన రాగానే దాన్ని పోలీసు స్టేషనులో జమచేసి రసీదు తెచ్చుకోవాలి. మన జిల్లాల్లో ఈ విషయంలో మినహాయింపులు అంత తేలికగా దొరకవు, ఎందుకో అందరికీ తెలుసు. చేలో పంట, స్టేషనులో తుపాకీ, ఇంట్లో రసీదు ఉంటాయి. అందుకని ఎన్నికల సంఘానికి ఒక చిన్న విన్నపం. కోడ్ అమల్లో ఉన్నన్నాళ్ళు అడవిపందులు కూడా తమ కోరలను సమీపంలోని స్టేషనులో జమచేసి, రసీదు తీసుకోవాలని ఉత్తర్వులు ఇప్పించగలరు.