పద్నాలుగు సంచుల మిర్చి రైతు

మిర్చి రైతు గోడు గురించి అందరూ మాట్లాడతారు. కూకట్‌పల్లిలో అయిదో అంతస్తు బాల్కనీలో ఉన్న మిర్చి రైతు గోడు మాత్రం ఎవరికీ పట్టదు. ఆ రైతుని నేనే. నాకు 14 గ్రో బ్యాగులున్నాయి. టేపు పెట్టి కొలిస్తే సాగు విస్తీర్ణం 40 చదరపు అడుగులు తేలింది. ఎకరమంటే 43,560 కాబట్టి, నాది ఎకరంలో వెయ్యో వంతు కన్నా కాస్త తక్కువ. సన్నకారు రైతుల్లో నాకంటే సన్నకారు ఎవరున్నారో ప్రభుత్వమే చెప్పాలి.

మా అమ్మ కాలంలో మిరప పెంచడం అసలు ఒక పనే కాదు. ఎండుమిరపకాయలకి తొడిమలు తీసేటప్పుడు రాలిన గింజల్ని చేటతో పెరట్లోకి విసిరేసేది. అంట్లు తోమిన నీళ్లు పారేచోట నాలుగు మొక్కలు లేచేవి. వాటికి రకం పేరు ఉండేది కాదు గానీ కాయలుండేవి. చాలకపోతే కూరగాయల బండాయన ఉండనే ఉన్నాడు. కరివేపాకు రెబ్బ, గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు వెయ్యకపోతే ఆయన్ని మా వీధిలో రెండోసారి పిలిచేవాళ్లు కాదు. దీన్ని సేద్యమంటే నేనొప్పుకోను. పైసా ఖర్చు లేకుండా, ఒక్క యూట్యూబ్ వీడియో కూడా చూడకుండా కాసిన కాయ శాస్త్రీయంగా కాసినట్టా?

నేను పద్ధతిగా వెళ్లాను. పది గింజలు 250 రూపాయలకి ఆన్‌లైన్లో తెప్పించాను. తడి టిష్యూ కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి, వెచ్చదనం కోసం ఆ డబ్బాని వైఫై రూటర్ మీద ఉంచాను. మామూలు మిరప వారం పది రోజుల్లో మొలుస్తుంది. నేను తెప్పించిన భూత్ జొలోకియా, అంటే అస్సాం వైపు పండే మహా కారం మిరప, 26 రోజులు తీసుకుంది. ఆ 26 రోజులూ మా ఆవిడ, "ఏవండీ, నెట్ రావట్లేదు, ఆ పురిటి డబ్బా కాస్త పక్కన పెడతారా?" అంటూనే ఉంది. మొలిచాక తెలిసింది, నెట్ రాకపోవడానికి కారణం బిల్లు కట్టకపోవడం. ఆ డబ్బులు కోకోపీట్‌కి, అంటే కొబ్బరి పీచు పొట్టుకి, వెళ్లాయి.

ఇప్పుడు నా దగ్గర ఏడు రకాలున్నాయి. గుంటూరు తేజ, రంగే తప్ప కారం పెద్దగా లేని కర్ణాటక బ్యాడిగి, టమాటాలా బుగ్గలు పొంగి 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు తెచ్చుకున్న వరంగల్ చపాటా, కేరళ కాంతారి, బజ్జీ మిర్చి, ఘాటైన విదేశీ రకం హబనెరో, ఆ భూత్ జొలోకియా. మా మిద్దెతోటల వాట్సాప్ గ్రూపులో ఎవరూ కాయ రుచి అడగరు. స్కోవిల్ ఎంత అని అడుగుతారు, పక్కింటి పిల్లాడి ఎంసెట్ ర్యాంకు అడిగినట్టు. 1912లో స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు కనిపెట్టిన కారం కొలత అది. మిరప సారంలో పంచదార నీళ్లు కలుపుకుంటూ పోయి, రుచి చూసేవాళ్లకి కారం తెలియడం ఆగేదాకా ఎన్ని రెట్లు పలచన చెయ్యాల్సి వచ్చిందో లెక్కపెట్టేవాళ్లు. భూత్ జొలోకియా పది లక్షలు దాటి 2007లో గిన్నిస్‌కెక్కింది. తర్వాత వేరే రకాలు దాన్ని దాటేశాయి, 2013లో రికార్డు కరోలినా రీపర్‌కి వెళ్లింది, 2023లో పెప్పర్ ఎక్స్ 26,93,000 దగ్గర కూర్చుంది. అంటే నా భూత్ ఇప్పుడు రిటైరైన హెడ్మాస్టర్. గ్రూపులో నమస్కారం పెడతారు గానీ కుర్చీ వెయ్యరు.

ఇదంతా మన సంస్కృతి అని గ్రూపులో ఒక పెద్దాయన రోజూ పొద్దున్నే రాస్తుంటాడు. మిరప పుట్టింది అమెరికా ఖండాల్లో, మనకి తెచ్చింది పోర్చుగీసువాళ్లు. అన్నమయ్య భోజనంలో కారమంటే మిరియాల కారమే. ఈ మాట రాసినందుకు నన్ను వారం రోజులు గ్రూపులోంచి తీసేశారు. మొక్కలకి కాస్త తీరిక దొరికింది.

పోయినేడు తేజ పక్కన పెంచిన బజ్జీ మిర్చి గింజలు దాచి ఈ ఏడు వేశాను. పక్క మొక్క పుప్పొడి పడితే ఆ ఏడాది కాయకి ఏమీ కాదు, దాని గింజలోంచి వచ్చే మొక్కలో తేడా బయటపడుతుంది. కాయ చూడ్డానికి లావుగా, పచ్చగా, అమాయకంగా బజ్జీ మిర్చిలాగే ఉంది. మా తోడల్లుడు నమ్మి సగం కొరికాడు. పాపం మంచినీళ్లు తాగాడు. నీళ్లకి ఆ మంట పోదు, పెరుగో పాలో తాగాలి. ఆ సంగతి నేను వివరంగా చెబుతుండగానే చెప్పులేసుకున్నాడు. తర్వాత మా ఇంటికి రాలేదు. ఇంటి పంట వల్ల ఇన్ని లాభాలున్నాయని ఏ వీడియోలోనూ చెప్పలేదు.

అసలు పరీక్ష బాబాయ్ వచ్చినప్పుడు ఎదురైంది. గుంటూరు పక్కన రెండెకరాల్లో తేజ వేస్తాడు. కళ్లాపరేషన్ కోసం హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో దిగాడు. నా చేను చూపించాను. ఒక ఆకు తిప్పి చూశాడు, ఇంకో ఆకు తిప్పి చూశాడు.

"పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. నీకు రెండూ ఉన్నాయి కదరా. మాకు ఏడాదికొకటి వస్తేనే గొప్ప."

"పుల్లమజ్జిగ కొడుతున్నాను బాబాయ్. వేపనూనె కూడా."

"పురుగులకి భోజనం బాగానే పెడుతున్నావు. మరి పూతేదీ?"

మే నెల ఎండకి రాలిపోయిందన్నాను. ఒకరోజు రెండు తెల్లదోమలు కనిపిస్తే ఆఫీసుకి సెలవు పెట్టానని కూడా చెప్పాను, రైతు కష్టం రైతుకి తెలుస్తుంది కదా అని. బాబాయ్ 2021 సంగతి ఎత్తాడు. నల్ల తామర పురుగు పూతలోకి దిగి చేలకి చేలు తినేసిన ఏడు. మందులు కొట్టీ కొట్టీ చివరికి ట్రాక్టరు పెట్టి రెండెకరాలూ దున్నించేశాడట. "నువ్వైతే సంచీ దులిపేస్తే సరిపోతుంది" అన్నాడు. అందులో వెటకారం వెతికాను, దొరకలేదు.

బాబాయ్ గౌరవార్థం ఆ పూట భూత్ జొలోకియా కోశాను. నారింజ కలిసిన ఎరుపు, ముసలమ్మ చెయ్యిలా ముడతలు పడిన తోలు. నిలువునా చీలిస్తే లోపల గింజలు అంటుకున్న తెల్ల పొర మీద నూనె పూసినట్టు మెరుపు. కారమంతా ఆ పొరలోనే ఉంటుంది, గింజలో కాదు. ఆ సంగతి తెలుసు కాబట్టి పొర తీసేశాను. ఆ చేత్తోనే కళ్లజోడు సర్దుకున్నాను. ఆపరేషన్‌కి వచ్చిన బాబాయ్ కన్ను బాగానే ఉంది, నేను గంటసేపు సింకు దగ్గరే ఉన్నాను. పావు ముక్క వేసిన పప్పు మాత్రం ఎవరూ తినలేదు. మిగిలిన కాయల్ని మా ఆవిడ నిమ్మకాయతో కలిపి గుచ్చి గుమ్మానికి దిష్టి కట్టింది. ఆ మొక్కకి మా ఇంట్లో అంతకంటే పెద్ద ఉద్యోగం దొరకలేదు.

ఇక లెక్కలు. సంచులు, మట్టి, వర్మీ కంపోస్టు, గింజలు, పచ్చ నెట్ అన్నీ కలిపి 9,460 రూపాయలు. దిగుబడి 38 కాయలు, 210 గ్రాములు. కాయ ఒక్కింటికి 249 రూపాయలు పడింది. కనీస మద్దతు ధర ఇచ్చే పంటల జాబితాలో మిర్చి లేదు. 2025లో ధర పడిపోయి గోల అయ్యాక కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్ర మిర్చికి క్వింటాలు 11,781 రూపాయలుగా ఖరారు చేసింది. ఆ ధరకి, నా పచ్చికాయల్ని ఎండువిగా లెక్కేసుకున్నా, నాకు రావాల్సింది పాతిక రూపాయలు. ఇది అన్యాయమని బాబాయ్‌కి చెప్పాను. "మరే" అన్నాడు.

వెళ్తూ వెళ్తూ రెండు కిలోల తేజ ఎండుమిర్చి వదిలి వెళ్లాడు, ఆవకాయకి పనికొస్తాయని. మా ఆవిడ వాటిని ఎండబెట్టడానికి చోటు చాల్లేదని నా హబనెరోల్ని ఏసీ వేడిగాలి తగిలే మూలకి నెట్టింది. దుప్పటి మీద ఎర్రగా పరుచుకున్న ఆ కాయల్ని ఫొటో తీసి "మా బాల్కనీ పంట, పూర్తి ఆర్గానిక్" అని గ్రూపులో పెట్టాను. 112 మంది చప్పట్లు కొట్టారు. ఎన్నిసార్లు పుల్లమజ్జిగ కొట్టారని ఒకరు అడిగితే నాలుగుసార్లు అని రాశాను. గింజలు పంపమని ఇంకొకరు, కోసినవి ఎన్నో కోత కాయలని మరొకరు అడిగారు. అది తెలుసుకుందామని బాబాయ్‌కి ఫోన్ చేశాను. వెనకాల లారీల హారన్లు. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించుకుని రెండ్రోజులైందట, కాటా కాలేదు, తర్వాత చేస్తానన్నాడు.