వాక్యానికి టైం లేదట!

ఇప్పుడే క్రిస్మస్ ఆరాధన ప్రోగ్రాం ఫోన్‌కి వచ్చింది. చూసినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. యేసు పుట్టిన కథ ఉన్న లూకా సువార్త రెండో అధ్యాయం చదవడం తీసేశారు! బహుమతుల కార్యక్రమం పెద్దదట, టైం చాలదట. "అందరికీ తెలిసిన కథే కదండీ" అని కమిటీలో ఒకాయన సర్దిచెప్తున్నాడు. గొర్రెల కాపరులు తిరిగి వెళ్లేదాకా ఇరవై వచనాలు. నిదానంగా చదివినా ఐదు నిమిషాలు పట్టదు. పండగ ఎవరిదో ఆయన మాటకి ఐదు నిమిషాలు లేవా?

తెలిసిన కథే అంటున్నారు, ఏం తెలుసు మనకి? రోమా చక్రవర్తి కైసరు ఔగుస్తు జనసంఖ్య రాయించమన్నాడని నిండు చూలాలు మరియ నజరేతు నుంచి బేత్లెహేము దాకా పోవాల్సి వచ్చింది. సత్రంలో చోటు లేదు. కన్నబిడ్డని పొత్తిగుడ్డల్లో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. ఆ తర్వాత దేవాలయంలో వాళ్లు ఇచ్చిన అర్పణ చూడండి, గువ్వల జతో రెండు పావురం పిల్లలో. లేవీయకాండం 12 తీసి చదవండి, గొర్రెపిల్లని తెచ్చే స్తోమత లేనివాళ్లకి ఇచ్చిన వెసులుబాటు అది. మన రక్షకుడు పెరిగిన ఇల్లు అలాంటిది. ఇంకా పాలు మరవకముందే హేరోదు రాజు కత్తికి భయపడి ఆ బిడ్డని ఎత్తుకుని ఐగుప్తుకి పారిపోయారు. ఈ కథ విన్నవాళ్లెవరూ బయటికి వెళ్లి కొత్త ఫోను గురించి మాట్లాడుకోలేరు. అందుకే చదవాలి, ప్రతి ఏడూ చదవాలి, మొత్తం చదవాలి.

వ్యాపారుల్ని నేను తిట్టను. అమ్ముకోవడం వాళ్ల పని. కానీ ఆగమన కాలాన్ని కూడా వాళ్లకి అప్పగించింది మనమే. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు ప్రార్థనతో కనిపెట్టుకుని ఉండాల్సిన రోజులవి. 19వ శతాబ్దంలో జర్మనీలో లూథరన్ కుటుంబాలు పిల్లలకి ఎదురుచూడడం నేర్పడానికి ఆ రోజుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టించేవి. అలా పుట్టిన, రోజుకో గడి తెరిచే అడ్వెంట్ (ఆగమన) క్యాలెండర్లలో ఇప్పుడు రోజుకో లిప్‌స్టిక్ పెట్టి అమ్ముతున్నారు, మద్యం సీసాలు కూడా పెడుతున్నారు. కొంటున్నది ఎవరు? మన విశ్వాసులే. 25 సాయంత్రానికి అలంకరణ పీకేసి పండగ అయిపోయిందనేదీ మనవాళ్లే. జనవరి 6 దాకా జరుపుకునే పండగ అని పిల్లలకి ఎవరైనా చెప్తున్నారా?

శాంటా తాత సంగతి మాత్రం పిల్లలందరికీ తెలుసు. ఆ వేషం వెనకున్న నికొలస్ 4వ శతాబ్దంలో మైరా పట్టణపు బిషప్పు అని చెప్పేవాళ్లే లేరు. కూతుళ్లకి కట్నం ఇచ్చుకోలేని ఒక పేద తండ్రి ఇంట్లో ఆయన రాత్రిపూట, ఎవరి కంటా పడకుండా, బంగారం వేసి వెళ్లాడని సంప్రదాయం చెప్తుంది. ఎవరి కంటా పడకుండా!

మరి మనం? ఇది ఎన్నాళ్ల నుంచో నా కడుపులో ఉంది, ఇవాళ అనేస్తాను. క్రిస్మస్ ఆరాధన మధ్యలో మైకు పట్టుకుని చందాదారుల పేర్లు చదువుతారు, ఎవరు ఎంత ఇచ్చారో సహా. పెద్ద మొత్తాలవాళ్లని పేరుపేరునా లేపి చప్పట్లు కొట్టిస్తారు. కిందటేడు చివర్లో "మరియు తదితరులు" అని ముగించారు. ఆ తదితరుల్లో మన మందిరం ఊడ్చే ఆవిడ ఉంది. తన కూలి డబ్బులు మడిచి కవర్లో పెట్టి ఇవ్వడం నేను చూశాను. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు పుట్టినరోజున, ఆయన బలిపీఠం ముందు నిలబడి ఆ లెక్కలు చదవడానికి మనకి నోరెలా వస్తోంది? వాక్యానికి లేని టైం ఈ జాబితాకి ఎక్కణ్ణుంచి వస్తోంది?

ఈ ఏడు జాబితా చదవొద్దని కమిటీకి రాసి పంపాను. చందాలు తగ్గిపోతాయని జవాబొచ్చింది. తగ్గనివ్వండి. స్టేజీ చిన్నది వేద్దాం, లైట్లు సగం తీసేద్దాం.