ఒకేలా కనిపిస్తే శుద్ధ పదార్థం అయిపోదండి

"అంతటా ఒకేలా కనిపించేది శుద్ధ పదార్థం" అని మీ వ్యాసంలో రాశారు. దయచేసి దిద్దండి, పిల్లలు అలాగే బట్టీ పడతారు. మా శ్రీకాకుళం జిల్లా బూడితి ఇత్తడి చెంబు చూడండి. ఎటు తిప్పినా ఒకటే మెరుపు, అయినా అది రాగి, జింకు కలిసిన సజాతీయ మిశ్రమం, అంటే అంతటా ఒకేలా కలిసిపోయిన మిశ్రమం. పాళ్లు మారిస్తే రంగూ గట్టితనమూ మారతాయి. శుద్ధ పదార్థమైన నీటికి పాళ్లు మార్చే వీలు లేదు, ఎప్పుడైనా 18 గ్రాముల్లో 16 గ్రాములు ఆక్సిజనే.

మిశ్రమానికీ శుద్ధ పదార్థానికీ తేడా మా జిల్లాలోని నౌపడ ఉప్పుమళ్లలో ఇంకా బాగా తెలుస్తుంది. ఎండకు సముద్రపు నీరు చిక్కబడి సోడియం క్లోరైడ్ స్ఫటికాలు కడుతుంది. మెగ్నీషియం లవణాలు చాలావరకు అడుగున మిగిలిన చేదు నీటిలోనే ఉండిపోతాయి. ఆ నీరు సరిగా ఓడకపోతే వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లుతుంది. ఎండ చాలు వీటిని విడదీయడానికి. కానీ నీటినే హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టాలంటే ఎండ చాలదు, కరెంటు పంపడం లాంటిది చేయాలి.