ఖర్చులు పోను ఎంత?

మధ్యాహ్నం మూడున్నరకు మార్కెట్ మూసేలోగా షేరు కొని, మర్నాడు ఉదయం తొమ్మిదింబావుకు తెరవగానే అమ్మేస్తే నిద్రలోనే లాభం వస్తుందని నమ్మబలికే శిక్షణ తరగతులు నెల్లూరు, కావలి, ఒంగోలు హోటళ్లలో జోరుగా సాగుతున్నాయి. పంట సొమ్ము చేతికొచ్చిన రైతు, పదవీ విరమణ డబ్బు బ్యాంకులో వేసుకున్న ఉపాధ్యాయుడు ఈ శిక్షకులకు గురి. వీరు తెర మీద చూపే గ్రాఫుల్లో అన్నీ ఉంటాయి, ఖర్చులు పోను ఎంత మిగిలిందన్నది తప్ప.

ఈ వాదనకు బొత్తిగా ఆధారం లేదని మేము అనడం లేదు. అమెరికాలో 1993లో మొదలైన, అక్కడి 500 పెద్ద కంపెనీల షేర్లతో నడిచే ఎస్‌పీవై ఫండు పెరుగుదలలో అత్యధిక భాగం మార్కెట్ మూసి ఉన్న వేళల్లోనే వచ్చిందని పరిశోధకులు ఎప్పుడో గమనించారు. అయితే అది ఖర్చులు తీయని లెక్క. ఆ రాత్రి లాభాన్నే నమ్ముకుని 2022 జూన్‌లో అక్కడ ప్రారంభమైన నైట్‌షేర్స్ ఫండ్లు 2023 ఆగస్టులో మూతపడ్డాయన్న సంగతి మన శిక్షకుల నోట వినిపించదు.

మన దగ్గర లెక్క మరింత కఠినం. కొన్న రోజే అమ్మేయకుండా ఉంచుకునే షేర్లపై (వీటినే డెలివరీ అంటారు) లావాదేవీ పన్ను కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు మరో 0.1 శాతం, కొనుగోలుపై స్టాంపు సుంకం 0.015 శాతం. రోజూ లక్ష రూపాయల షేర్లు కొని మర్నాడు అమ్మే వ్యక్తికి బ్రోకరేజీ, డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు తీసినప్పుడు పడే డీపీ ఛార్జీల ఊసెత్తకుండానే రోజుకు సుమారు 215 రూపాయలు పోతాయి. ఏడాదికి 245 రోజులనుకున్నా ఆ మొత్తం 52 వేలు దాటుతుంది. లాభమొచ్చినా నష్టమొచ్చినా ఇది కట్టవలసిందే. అంటే లక్షకు ఏటా సగానికి పైగా సంపాదిస్తే తప్ప అసలు కూడా నిలవదు. ఒకవేళ లాభమంటూ మిగిలితే, దానిపై 20 శాతం స్వల్పకాలిక లాభాల పన్ను వేరే.

పైగా ధర పడితే అమ్మేయమని ముందే పెట్టుకునే ఆర్డరు, అంటే స్టాప్‌లాస్, మార్కెట్ మూశాక పనిచేయదు. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ దిగుమతి సుంకాలు ప్రకటించేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటింది. ఆ దెబ్బ ఎలాంటిదో అమెరికా కొనుగోళ్ల మీద ఆధారపడ్డ మన రొయ్యల రైతులకు మేము చెప్పనక్కర్లేదు. తర్వాతి సోమవారం నిఫ్టీ దాదాపు 5 శాతం దిగువనే తెరుచుకుంది. శుక్రవారం కొని పడుకున్నవారికి మధ్యలో బయటపడే దారే లేకపోయింది.

తాము చదువు చెబుతున్నామే తప్ప సలహా ఇవ్వడం లేదని నిర్వాహకులు అంటారు. చదువు పేరుతో గత మూడు నెలల ధరలను వాడరాదని షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2025 జనవరిలోనే స్పష్టం చేసింది. నిన్న కొన్న షేరును, ఇవాళ ఉదయం అమ్మిన ధరను తెర మీద చూపిస్తూ దానికి చదువు అని పేరు పెట్టడం నయవంచన. లాభాన్ని పైసలతో సహా చూపి, ఖర్చుల దగ్గరకొచ్చేసరికి తెర మార్చేయడం అంతకు మించిన నయవంచన.

పుట్టి ధాన్యానికి 850 కిలోలకు మించి తరుగు పేరుతో అదనంగా అడిగితే కల్లంలోనే నిలదీసే నెల్లూరు రైతు, వేలకు వేలు ఫీజు కట్టి కూడా ఖర్చులు పోను ఎంత అని ఒక్క మాట అడగకపోవడం ఏమిటి? ఏడాది పొడవునా శిక్షకుడికి బ్రోకరు నుంచి వచ్చిన కాంట్రాక్టు నోట్లను, అంటే ప్రతి లావాదేవీ ధర, ఖర్చులు చూపే పత్రాలను వరుసగా చూపమనాలి. సెబీ నమోదు సంఖ్య అడగాలి. ఇవేవీ చూపనివారి ఫ్లెక్సీల మీద తమ ఫొటోలు వేయించుకుంటున్న స్థానిక పెద్దలు, రేపు బాధితులు గుమ్మం తొక్కినప్పుడు తమకేమీ తెలియదని మాత్రం చెప్పవద్దు.